గోస్తనీ ఒడ్డా, శారద ఒడ్డా, అరకు లోయా? విశాఖ నుంచి ఒక్కరోజు చుట్టు నడకకు ఏది ఎంచుకోవాలి

విశాఖలో చుట్టు నడక అనగానే గుర్తొచ్చేది సింహాచలం గిరి ప్రదక్షిణ. ఆషాఢ పౌర్ణమి ముందు రోజు కొండ కింది మొదటి మెట్టయిన తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, హనుమంతవాక, అప్పూఘర్, మాధవధార మీదుగా కొండ చుట్టూ సుమారు 32 కిలోమీటర్లు నడిచి మళ్లీ అక్కడికే చేరతారు. అది పూర్తి చేసినవాళ్లకు ఊళ్ల మధ్య పన్నెండు కిలోమీటర్లు ఒక లెక్కా అనిపిస్తుంది. కానీ ప్రదక్షిణ సాగేది తారు రోడ్డు మీద, వీధి దీపాల కింద, దారి పొడవునా మంచినీళ్లూ మజ్జిగా ఇచ్చే చేతుల మధ్య. ఏటి ఒడ్డున పొలం గట్ల మీద నడిచేటప్పుడు ఇవేవీ ఉండవు. పైగా ప్రదక్షిణలో ఎప్పుడూ ఎదురుకానిది ఇక్కడ ఒకటి ఎదురవుతుంది. దారికి అడ్డంగా నీళ్లు.

అందుకే నది లోయలో చుట్టు నడకను కిలోమీటర్లను బట్టి ఎంచుకోవద్దు. నదిని ఎక్కడ దాటాలి, ఎన్నిసార్లు దాటాలి, దాటలేకపోతే వెనక్కి ఎంత దూరం రావాలి అన్నవి ముందు చూడండి. వెళ్లిన దారినే తిరిగొచ్చే నడకలో ఈ సమస్య లేదు, ఇబ్బంది అనిపించిన చోటే వెనుదిరగొచ్చు. చుట్టు నడకలో మూడు వంతుల దూరం నడిచాక రేవు దగ్గర మోకాలు దాటి నీళ్లు కనిపిస్తే, మిగిలిన ఆ ఒక్క వంతు కోసం చాలామంది నీళ్లలోకి దిగిపోతారు. ప్రమాదాలు జరిగేది అక్కడే.

దాటే చోట్లు మూడు రకాలు

ఎత్తైన బ్రిడ్జి ఉంటే ఏడాది పొడవునా చింత లేదు. లో-లెవెల్ కాజ్‌వే, అంటే నీటి మట్టానికి దగ్గరగా తక్కువ ఎత్తులో కట్టిన దారి అయితే నవంబర్ చివరి నుంచి మే వరకు దాదాపు నిశ్చింతగా ఉండొచ్చు, మిగతా నెలల్లో ఆ రోజు ఉదయం ఊళ్లో అడిగి తెలుసుకోవాలి. నీళ్లు కాజ్‌వే మీదుగా పొర్లుతుంటే, చీలమండ లోతే కనిపించినా దాటకండి. సిమెంటు మీద నాచు పట్టి ఉంటుంది, పక్కనే ప్రవాహం కోసేసిన గొయ్యి ఉంటుంది. మూడోది రేవు, అంటే ఊరివాళ్లూ పశువులూ దిగి దాటే చోటు. మోకాలి కిందకి, అడుగు కనిపించేంత తేటగా, నెమ్మదిగా పారుతుంటేనే దిగాలి. కిందటి వారం దాటిన రేవు ఈ వారం కూడా అలాగే ఉంటుందన్న హామీ లేదు, ఎందుకంటే ఇసుక తవ్విన గోతులు నీళ్ల కింద కనపడవు. మోకాలి లోతులో నడుస్తూ ఒక్క అడుగులో నడుము దాటిపోయే చోట్లు ఉంటాయి. చెప్పులతోనే దిగండి, కర్ర ముందు పెట్టి అడుగు తర్వాత వేయండి.

దీన్నుంచి వచ్చే సూత్రం ఒక్కటే. దాటాల్సిన చోటు నడకలో మొదటి మూడో వంతులోనే వచ్చేలా దిశ ఎంచుకోండి. కుడి నుంచి ఎడమకా, ఎడమ నుంచి కుడికా అన్నది దీన్ని బట్టే తేలాలి, ఎండా నీడా తర్వాత. అప్పుడు దాటలేకపోయినా పోయేది గంట, గంటన్నర మాత్రమే.

పద్మనాభం – పాండ్రంగి: మా మొదటి ఎంపిక

గోస్తనీ అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా పారి, తాటిపూడి రిజర్వాయర్‌లో నిలిచి, పద్మనాభం మండలం మీదుగా భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఈ పొడవంతటిలో చుట్టు నడకకు బాగా కుదిరేది పద్మనాభం చుట్టుపక్కల భాగం. కొండ, ఏరు, వరి మడులు, కొబ్బరి తోటలు, చరిత్ర ఉన్న ఊళ్లు అన్నీ ఒక్క రోజు నడకలో అందుతాయి. 1794 జూలై 10న విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి నేలకొరిగింది ఈ పద్మనాభంలోనే. అల్లూరి సీతారామరాజు 1897 జూలై 4న పుట్టిన ఊరిగా పేరున్న పాండ్రంగి ఇదే మండలంలో గోస్తనీ ఒడ్డున ఉంది.

నగరం నుంచి ఆనందపురం మీదుగా వెళ్లాలి. బస్సులు ఉన్నా తరచుగా ఉండవు. దిగగానే తిరుగు బస్సు ఎప్పుడో కండక్టర్‌నే అడగండి, ఆ జవాబు మీద రోజంతటి లెక్క ఆధారపడుతుంది. సొంత బండి అయితే కొండ కింద కుంతీమాధవస్వామి గుడి దగ్గర పెట్టుకోవచ్చు.

కొండ మీది అనంత పద్మనాభస్వామి గుడికి వెయ్యికి పైగా మెట్లున్నాయి. వీటిని పొద్దున్నే ఎక్కేయాలి. తొమ్మిది దాటితే రాయి వేడెక్కుతుంది, గుడి దగ్గర చెప్పులు విడిచాక అరికాళ్లు కాలతాయి. కాలిన అరికాళ్లతో మిగతా నడక చేయడం కష్టం. చెప్పుల కోసం ఒక గుడ్డ సంచి తీసుకెళ్లండి, దిగే దారి మారినా వాటి కోసం వెనక్కి రానక్కర్లేదు. పైకెక్కిన వెంటనే ఇంకో పని చేయండి. ఏరు ఎటు వంపు తిరుగుతోందో, బ్రిడ్జి ఎక్కడుందో, పొలాల మధ్య పుంత దారులు ఏ ఊరి వైపు పోతున్నాయో పైనుంచి ఒకసారి చూసి ఫోన్‌లో ఫోటో తీసుకోండి. కిందికి దిగాక చెట్ల మధ్య దిక్కు తప్పితే మ్యాప్ కన్నా ఆ ఫోటోయే పనికొస్తుంది.

దిగాక పాండ్రంగి వైపు వెళ్లేటప్పుడు ఊరి రోడ్డు పట్టుకోండి, వచ్చేటప్పుడు ఏటి గట్టు. దారి చిన్నదని పోయేటప్పుడే గట్టు ఎక్కితే, మడులు నీళ్లతో ఉన్న కాలంలో అది ఎక్కడ తెగిందో మధ్యలోకి వెళ్లాక గానీ తెలియదు. రోడ్డున వెళితే పాండ్రంగిలో టీ తాగుతూ గట్టు ఎలా ఉందో అడగొచ్చు, బాగాలేదంటే అదే రోడ్డున తిరిగి రావచ్చు. నీటి విషయంలో గుర్తుంచుకోవాల్సింది, ఇక్కడి గోస్తనీ ఇక్కడి వానను మాత్రమే బట్టి పెరగదు. పైన కొండల్లో కురిసి తాటిపూడి గేట్లు ఎత్తితే పద్మనాభంలో ఎండ కాస్తున్నా ఏరు నిండుతుంది. ఆ వారం గేట్లు ఎత్తిన వార్త కనిపిస్తే ఏటి ఒడ్డు భాగం మానేసి కొండ, ఊళ్ల వరకే నడవండి.

దీని లోపం నీడ. మధ్యాహ్నం పదకొండు నుంచి మూడు వరకు గట్ల మీద తాటిచెట్టు నీడే దిక్కు. మార్చి రెండో వారం తర్వాత ఈ నడక పెట్టుకోవద్దు.

అనకాపల్లి – శంకరం – శారద: బండి లేనివాళ్లకు

రైల్లో దిగి నడక మొదలుపెట్టి, మళ్లీ రైలెక్కి ఇంటికి చేరగలిగే నడక ఇదొక్కటే. అనకాపల్లి స్టేషన్ నుంచి శంకరం మూడు కిలోమీటర్ల చిల్లర. అక్కడి బొజ్జన్నకొండ, పక్కనే లింగాలకొండ మీద రాతిని తొలిచిన గుహలు, కొండరాతిలోనే చెక్కిన స్తూపాల వరుసలు ఉన్నాయి. క్రీ.శ. 4 నుంచి 9వ శతాబ్దం వరకు వెలిగిన బౌద్ధ స్థలం. కొండలు చిన్నవి, పిల్లలూ ఎక్కగలరు.

ఎంచుకునే ముందు ఈ నడక ఆకారం తెలిసి ఉండాలి. కొండలు పట్నానికి ఒక పక్క, శారద నది కశింకోట వైపు మరో పక్క. రెండూ కలపాలంటే మధ్యలో పట్నం దాటక తప్పదు. కాబట్టి ఇది పూర్తిగా పల్లె నడక కాదు. ఉదయం కొండ వైపు ఒక చుట్టు, పట్నంలో టిఫిన్, తర్వాత నది వైపు ఇంకో చుట్టు, అలా రెండు ముక్కలుగా నడవాలి. రెండో ముక్క నచ్చకపోతే మానేసి స్టేషన్‌కి వెళ్లిపోవచ్చు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇదే మేలు.

దీనికి కాలం జనవరి, ఫిబ్రవరి. చెరకు నరుకుతూ ఉంటారు, బెల్లం వండే పాకల దగ్గర పొగ లేస్తుంటుంది, అడిగితే వేడి బెల్లం రుచి చూపిస్తారు. కనుమ రోజు మాత్రం వద్దు. ఆ రోజు బొజ్జన్నకొండ దగ్గర తీర్థం జరుగుతుంది, జనంలో నడక సాగదు.

చెరకు తోట గురించి గట్టిగా ఒక హెచ్చరిక. తోట లోపలి సందుల్లోంచి అడ్డదారి పట్టకండి. తల కన్నా ఎత్తున పెరిగిన చెరకులో గాలి ఆడదు, అయిదు నిమిషాల్లో దిక్కు తెలియదు, ఆకు అంచు చేతుల్ని కోస్తుంది. అన్నిటికన్నా ప్రమాదం, అడవి పందుల కోసం కొందరు చట్టవిరుద్ధంగా కరెంటు తీగలు లాగుతారు. చీకటి పడ్డాక గానీ తెల్లవారక ముందు గానీ తోటల పక్కన గట్ల మీద తిరగకూడదనడానికి అసలు కారణం ఇదే. బండి దారిలోనే నడవండి.

భీమిలి: సగం రోజు చాలు

పావురాలకొండ, డచ్చి సమాధులు, లైట్‌హౌస్, గోస్తనీ సముద్రంలో కలిసే చోటు, మళ్లీ బస్టాండ్. ఆరేడు కిలోమీటర్లకు మించదు, నదిని దాటే పనే లేదు, సిటీ బస్సు బీచ్ రోడ్డు మీదుగా నేరుగా తీసుకెళ్తుంది. పెద్దవాళ్లతో, చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లు వేరే ఆలోచన పెట్టుకోనక్కర్లేదు. పావురాలకొండ మీద బౌద్ధులు రాతిలో తొలిచిన నీటి తొట్లు తప్పక చూడాలి. ఒక్క జాగ్రత్త, నదీ ముఖం దగ్గర నీళ్లలోకి దిగకండి. ఆటుపోట్లతో ఇసుక దిబ్బలు జరుగుతూ ఉంటాయి, పోటు తగ్గేటప్పుడు నదీ సముద్రమూ కలిసి లోపలికి లాగుతాయి. తేలిగ్గా కనిపించినా అవతలి ఇసుక తిన్నెకి నడిచి వెళ్లడం వద్దు.

అరకు వైపు: రాత్రి బస ఉంటేనే

అరకు లోయ సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. చలికాలంలో రోజంతా నడవగలిగే వాతావరణం ఈ నాలుగింటిలో ఇక్కడే. అయినా ఒక్కరోజు నడకగా దీన్ని మేం సూచించం. కిరండూల్ రైలు విశాఖలో ఉదయం ఏడు లోపే బయలుదేరినా అరకు చేరేసరికి పదకొండు ప్రాంతం అవుతుంది, రోడ్డున వచ్చినా ఘాట్ కలుపుకొని మూడు నాలుగు గంటలు. మిగిలిన సమయం చుట్టు నడకకు చాలదు. ముందు రోజు వచ్చి పడుకుంటేనే దీనికి న్యాయం జరుగుతుంది.

అలా ఉండగలిగితే మాడగడ చుట్టు ఎంచుకోండి. తెల్లవారకముందే టార్చితో రోడ్డు మీద బయలుదేరి, సుమారు ఆరు కిలోమీటర్లు నడిచి మాడగడ వ్యూపాయింట్ దగ్గర కింద లోయలో పరుచుకున్న మబ్బుల మీద సూర్యోదయం చూడండి. తిరుగు దారి రోడ్డు కాకుండా గ్రామాల మధ్య నుంచి. చీకట్లో రోడ్డు, వెలుతురులో కాలిబాట అన్నది ఈ నడకకు కుదిరిన క్రమం, తిప్పి నడిస్తే సూర్యోదయమూ ఉండదు, దారీ తెలియదు. అక్టోబర్ చివర నుంచి డిసెంబర్ మొదటి వారాల వరకు వలిసె పూలతో వాలులన్నీ పసుపు. శుక్రవారం కలిసొస్తే అరకు సంత కూడా చూడొచ్చు. దారిలో గెడ్డలు, అంటే వాగులు చిన్నవే, కానీ కొండ గెడ్డ మైదానపు ఏరులాంటిది కాదు. పైన వాన పడిన అరగంటలో పొంగుతుంది. తేటగా ఉన్న నీరు మట్టి రంగుకు మారినా, ఎండుటాకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, చప్పుడు ఒక్కసారి బరువెక్కినా వెంటనే గట్టెక్కి ఆగండి. వాన ఆగాక మెల్లగా తగ్గుతుంది.

ఊళ్లలోకి వెళ్లినప్పుడు ఫోటోలకు ముందుగా అడగడం, ఎండబెట్టిన కాఫీ గింజలూ చోళ్లూ తొక్కకుండా కల్లం చుట్టూ తిరిగి పోవడం కనీస మర్యాద. నడిచేవాళ్లకు ఆ దారులు తెరిచి ఉన్నాయంటే ఆ ఊరివాళ్ల మంచితనం వల్లే.

కటికి జలపాతం, చాపరాయి పేర్లు చాలామంది అడుగుతారు. రెండూ చూడదగ్గవే, కానీ చుట్టు నడకలు కావు. కటికికి బొర్రా వైపు నుంచి జీపు దారి, చివర్లో కొంత నడక, తిరిగి అదే దారి. దాన్ని చుట్టుగా మార్చాలని రైలు పట్టాల వెంట నడిచేవాళ్లున్నారు. ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. కొత్తవలస–కిరండూల్ లైన్లో 58 సొరంగాలున్నాయి, ఇనుప ఖనిజం గూడ్సులు ఏ వేళనైనా వస్తాయి. సొరంగంలో పక్కకు జరగడానికి చోటుండదు. పట్టాల మీద నడవడం రైల్వే చట్టం ప్రకారం నేరం కూడా. చాపరాయి పరుపుబండ మీద నీళ్లు జారే చోటు, పిక్నిక్‌కి బాగుంటుంది. తడి రాయి మీద పరుగులు పెట్టనీయకండి.

సమయం లెక్క వేసుకోవడం

కొండ నడకకు ప్రపంచమంతా వాడే నైస్మిత్ లెక్క 1892 నాటిది: గంటకు 5 కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు అదనంగా గంట. అది స్కాట్లాండ్ చలిలో పుట్టింది. మన ఉక్కపోతలో ఊరి రోడ్డు మీద గంటకు 4, పొలం గట్టు మీద రెండున్నర కిలోమీటర్లు వేసుకోండి. ఉదాహరణకు 7 కిలోమీటర్ల రోడ్డు, 5 కిలోమీటర్ల గట్టు, ఒక కొండ మెట్ల దారి ఉన్న నడక అనుకుందాం. రోడ్డుకు గంటా ముప్పావు, గట్టుకు రెండు గంటలు, మెట్లెక్కి దిగడానికి గంటంబావు, ఆగే సమయం ఒక గంట. మొత్తం ఆరు గంటలు. ఆరున్నరకు మొదలుపెడితే పన్నెండున్నరకు పూర్తవుతుంది. ఎనిమిదికి మొదలుపెడితే చివరి రెండు గంటలు నడినెత్తి ఎండ.

డిసెంబర్‌లో విశాఖలో పొద్దు పొడిచేసరికి ఆరుంబావు దాటుతుంది, ఐదున్నర లోపే కుంకుతుంది. లోయలో కొండ నీడ ఇంకా ముందే పడుతుంది. నాలుగు గంటలకల్లా చివరి ఊరు చేరి ఉండాలి.

నీళ్లు తీరం వైపు గంటకు ముప్పావు లీటరు, అరకులో చలికాలం అర లీటరు. ఇద్దరికి ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్ దగ్గరుంచుకోండి. లేకపోతే లీటరు నీళ్లలో ఆరు టీ చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచా అంచుకు సమంగా కొలిచి కలపాలి. ఉప్పు ఎక్కువైతే మేలు బదులు కీడు. చెమట పోయినవాళ్లు ఉత్త నీళ్లే తాగుతూ పోతే తలనొప్పి, పిక్కలు పట్టేయడం మొదలవుతాయి, అది అలసట అనుకుని నడుస్తూ పోతారు.

గట్ల సంగతి కూడా నెలను బట్టి మారుతుంది. జూలై నుంచి నవంబర్ వరకు మడులు నీళ్లతో ఉంటాయి, గట్టు మెత్తబడుతుంది, దాని మీదే రైతు కంది మొక్కలు వేసి ఉంటాడు. ఆ గట్టు తొక్కితే పంటే తొక్కినట్టు. కోతలు అయ్యాక, అంటే డిసెంబర్ మధ్య నుంచి, మడుల్లోంచే నడిచిపోవచ్చు. తాటిపూడి చుట్టూ నడవాలనుకునేవాళ్లకు ఒక మాట: రిజర్వాయర్ అంచు పొడవునా తెగని కాలిబాట ఉంటుందని అనుకుని బయలుదేరకండి, అది పడవ ఎక్కి చూడాల్సిన చోటు.

ఫోన్‌లో గూగుల్ మ్యాప్ ఊరి రోడ్ల వరకే నమ్మదగింది. కాలిబాటల కోసం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారంగా పనిచేసే ఆర్గానిక్ మ్యాప్స్ లాంటి యాప్‌లో ఆ ప్రాంతాన్ని ఇంటి దగ్గరే డౌన్‌లోడ్ చేసుకోండి. అరకు వైపు సిగ్నల్ ఊరు దాటితే ఉండదు. దారి అడిగేటప్పుడు "ఎంత దూరం?" అని కాకుండా "ఏరు దాటాలా? ఇప్పుడు నీళ్లెంత?" అని అడగండి. దూరం ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు, నీళ్ల సంగతి మాత్రం చాలామంది సరిగ్గా చెబుతారు.

పాము కరిస్తే కోయడం, పీల్చడం, తాడు బిగించడం చేయకూడదు. కాలు కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయాలి. ఊరి కుక్క కరిస్తే సబ్బుతో పదిహేను నిమిషాలు ధారగా కడిగి, అదే రోజు దగ్గర్లోని పీహెచ్‌సీకి వెళ్లి టీకా వేయించుకోవాలి. ఏజెన్సీలో వానాకాలం నడిచి వచ్చాక రెండు మూడు వారాల్లోపు జ్వరం వస్తే, అరకు వైపు వెళ్లొచ్చామని డాక్టర్‌కి ముందుగా చెప్పి మలేరియా పరీక్ష చేయించుకోండి.